ఆ పిచర్‌ని ఎందుకు తీసేశాడండీ?

పోయిన సంచికలో బేస్‌బాల్ గురించి ఏమైనా అడగండి అని రాసినందుకు ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఆట రూల్స్ అడుగుతారేమో అనుకుని నేను బుద్ధిగా రూల్స్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. తీరా చూస్తే రూల్స్ అడిగింది ఇద్దరో ముగ్గురో. మిగతా అందరూ రాసింది తమ టీమ్ మేనేజర్‌ని ఏం చేస్తే పాపం తగలదు అని, లేదంటే టీవీలో కామెంటేటర్ల నోరు ఎలా మూయించాలి అని. కొన్ని ఉత్తరాల్లో భాష అచ్చు వేసేలా లేదు, కాస్త కడిగి వేస్తున్నాను. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళ కోసం ముందుగా ఒక్క ముక్క: ఇక్కడ బంతి వేసేవాణ్ణి, అంటే పిచర్‌ని, మార్చేది మైదానంలో ఉన్న కెప్టెన్ కాదు, మైదానం పక్కన డగౌట్‌లో కూర్చున్న మేనేజర్. ఒకసారి బయటికి పంపిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్ళీ రావడానికి లేదు. సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

ప్రశ్న: సార్, మా పిచర్ ఆరో ఇన్నింగ్ దాకా మంచి ఊపు మీద ఉన్నాడు. ఎనభై బంతులు కూడా వేయలేదు, ఒక్క పరుగూ ఇవ్వలేదు. మేనేజర్ తాపీగా నడుచుకుంటూ వచ్చి చేతిలో బంతి తీసేసుకున్నాడు. తర్వాత వచ్చినవాడు రెండో బంతికే హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) ఇచ్చుకున్నాడు. అసలు ఈయనకి ఈ ఉద్యోగం ఎవరిచ్చారు? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇదే ప్రశ్న ఇంకా చాలామంది రాశారు, టీమ్ పేరు ఒక్కటే తేడా. ముందు మేనేజర్ వైపు మాట చెప్పి తర్వాత మీ వైపు వస్తాను. ఒక బ్యాటర్ ఒకే మ్యాచ్‌లో ఒకే పిచర్‌ని మొదటిసారి కన్నా రెండోసారి, రెండోసారి కన్నా మూడోసారి బాగా కొడతాడు. ఎవరో గాల్లో అన్న మాట కాదిది, ఏళ్ళ తరబడి లెక్కలు తీసి చూసిన సంగతి. బంతి ఎలా వస్తోందో బ్యాటర్ కంటికి అలవాటు పడుతుంది, ఇవతల పిచర్ చెయ్యి అలిసిపోతుంది. అందుకే తొమ్మిదిమంది బ్యాటర్లు రెండు చుట్లు తిరిగేసరికి ఇప్పటి మేనేజర్లకి డగౌట్‌లో కాలు నిలవదు.

ఆ లెక్కని మరీ గట్టిగా పట్టుకుంటే ఏమవుతుందో 2020 వరల్డ్ సిరీస్ (సీజన్ ఆఖర్లో జరిగే ఫైనల్) ఆరో మ్యాచ్‌లో చూశాం. టాంపా బే రేస్ పిచర్ బ్లేక్ స్నెల్ అప్పటికి వేసింది 73 బంతులు, తొమ్మిదిసార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో ఔట్) చేశాడు, ఇచ్చింది రెండే హిట్లు, టీమ్ 1-0 ముందుంది. ఆరో ఇన్నింగ్‌లో ఒక ఔట్ అయ్యాక ఆ రెండో హిట్ పడింది, అదీ ఒక మామూలు సింగిల్, బ్యాటర్ ఒక్క బేస్ దాకా వెళ్ళే హిట్. మేనేజర్ కెవిన్ క్యాష్ అప్పుడే వచ్చేశాడు. తర్వాత బ్యాటింగ్‌కి రావలసిన అవతలి టీమ్ డాడ్జర్స్ ఆటగాళ్ళు ముగ్గురు, అంటే మూకీ బెట్స్, కోరీ సీగర్, జస్టిన్ టర్నర్, ఆ రాత్రి స్నెల్‌ని కలిపి ఆరుసార్లు ఎదుర్కొని ఆరుసార్లూ స్ట్రైకౌట్ అయినవాళ్ళు! క్యాష్ మెట్లెక్కి వస్తుంటే స్నెల్ నోట్లోంచి వచ్చిన మాట టీవీలో పెదాల కదలిక చూసిన అందరికీ అర్థమైంది, ఇక్కడ రాయలేను. బంతి అందుకున్న నిక్ ఆండర్సన్‌ని బెట్స్ డబుల్ కొట్టాడు, ఒక బంతి క్యాచర్‌ని దాటి పోయింది, ఇన్నింగ్ ముగిసేసరికి స్కోరు తిరగబడింది. చివరికి 3-1. డాడ్జర్స్‌కి 1988 తర్వాత మొదటి టైటిల్ అలా దక్కింది.

నన్నడిగితే అందులో పెద్ద తప్పు స్నెల్‌ని తీసేయడం కాదు, ఆండర్సన్‌ని తేవడం. ఆ ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ పోటీల్లో) అతను మ్యాచ్ మ్యాచ్‌కీ పరుగులు ఇచ్చుకుంటూనే వస్తున్నాడు. అది మాత్రం ఏ లెక్కల పుస్తకం తెరవకుండానే అందరికీ కనిపించింది.

ఇప్పుడు దీన్ని తిరగేయండి. 2003 అక్టోబర్ 16, యాంకీ స్టేడియం, అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్. బోస్టన్ 5-2తో ముందుంది. పెడ్రో మార్టినెజ్ ఏడు ఇన్నింగ్స్ వేసి తన పని అయిపోయిందన్నట్టు ఆకాశంలోకి వేలు చూపించి డగౌట్‌లోకి వచ్చాడు. ఎనిమిదో ఇన్నింగ్‌కి మేనేజర్ గ్రేడీ లిటిల్ మళ్ళీ అతన్నే పంపించాడు. ఒక ఔట్ అయ్యాక డెరెక్ జీటర్ డబుల్, బెర్నీ విలియమ్స్ సింగిల్, 5-3 అయింది. లిటిల్ లేచి వచ్చాడు, పెడ్రోతో మాట్లాడాడు, అతన్ని అక్కడే ఉంచి తాను వెనక్కి వెళ్ళిపోయాడు! ఇంకో రెండు డబుల్స్ పడి 5-5 అయ్యాక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మార్చాడు. పెడ్రో ఆ రాత్రి వేసినవి 123 బంతులు. బుల్‌పెన్‌లో (మార్చడానికి ఉంచుకున్న పిచర్లు కూర్చునే చోట) మైక్ టిమ్లిన్, అలన్ ఎంబ్రీ లాంటివాళ్ళు ఆ ప్లేఆఫ్స్‌లో చక్కగా వేస్తున్నారు. 11వ ఇన్నింగ్‌లో ఆరన్ బూన్ హోమ్ రన్ కొట్టి మ్యాచ్ ముగించాడు. లిటిల్ ఉద్యోగం పోయింది.

అంటే ఒకాయన తొందరగా తీసి తిట్లు తిన్నాడు, ఇంకొకాయన ఆలస్యంగా తీసి తిట్లు తిన్నాడు. కాబట్టి మీకు నాదొక్కటే ప్రశ్న: హోమ్ రన్ పడక ముందు మీరేమన్నారు? బంతి చేతులు మారుతున్నప్పుడే 'వద్దురా బాబూ' అనుంటే మీ కోపం నిజమైన కోపం. హోమ్ రన్ పడ్డాక గుర్తొచ్చిన కోపమైతే అది ఓడిపోయిన బాధ. బాధపడండి, కానీ మేనేజర్ ఉద్యోగం జోలికి వెళ్ళకండి.

ప్రశ్న: కొత్తగా వచ్చినవాణ్ణి వరసగా బాదుతున్నా మేనేజర్ వెంటనే మార్చడేం? నిద్రపోతున్నాడా? (పేరు రాయలేదు)

జవాబు: మార్చడానికి వీల్లేదు. 2020 నుంచి రూల్ వచ్చింది, ఏ పిచరైనా కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి, లేదా ఆ ఇన్నింగ్ ముగించాలి. దెబ్బ తగిలితేనో ఒంట్లో బాగోకపోతేనో మినహాయింపు. పైగా బుల్‌పెన్‌లో ఇంకొకరు చెయ్యి వేడెక్కించుకుని సిద్ధంగా ఉండాలి కదా, పిలవగానే వచ్చి వేయడానికి అదేం కుళాయి కాదు. అయితే అసలు ఆ ముగ్గురు బ్యాటర్లకి ఆ పిచర్‌ని ఎంచుకున్నందుకు మాత్రం తిట్టొచ్చు.

ప్రశ్న: అరవై ఏళ్ళ మేనేజర్ కూడా ఆటగాళ్ళలాగా యూనిఫామ్ వేసుకుంటాడేంటండీ? అవసరమైతే ఆడతాడా? (కాలిఫోర్నియా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆడడు తల్లీ. వెనకటికి మేనేజర్లలో చాలామంది ఆడుతూనే టీమ్‌ని నడిపేవాళ్ళు, ఆ అలవాటు అలా ఉండిపోయింది. కోనీ మాక్ అనే ఒక పెద్దమనిషి మాత్రం సూటు వేసుకునే కూర్చునేవాడు. ఆయన ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ని 1901 నుంచి 1950 దాకా ఏకంగా యాభై సీజన్లు నడిపాడు. మధ్యలో అట్టడుగున పడి కొట్టుకున్న సీజన్లు ఎన్నో ఉన్నాయి, అయినా ఎవరూ తీసేయలేదు. ఎందుకంటే టీమ్‌లో వాటా కూడా ఆయనదే.

ప్రశ్న: కామెంటరీ బాక్స్‌లో కూర్చుని మేనేజర్ అది చేయాలి ఇది చేయాలి అని నీతులు చెబుతారు కదా, అంత తెలిస్తే వాళ్ళనే తీసుకెళ్ళి మేనేజర్ చేయొచ్చుగా? (చికాగో నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు వెటకారంగా అడిగారు గానీ, నిజంగానే చేశారు. ఒకసారి కాదు.

లారీ డర్కర్ హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి కామెంటరీ చెప్పుకునేవాడు. 1997లో అక్కడి నుంచి లేపి నేరుగా మేనేజర్‌ని చేశారు. ఐదు సీజన్లలో నాలుగుసార్లు డివిజన్ గెలిపించాడు, నాలుగుసార్లూ ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చాడు. బాబ్ బ్రెన్లీ కూడా అలాగే మైకు వదిలి వచ్చి మొదటి సీజన్‌లోనే, 2001లో, అరిజోనాకి వరల్డ్ సిరీస్ తెచ్చాడు. పైన చెప్పిన ఆరన్ బూన్, ఆ హోమ్ రన్ కొట్టిన కుర్రాడే, ఆట మానేశాక ఈఎస్‌పీఎన్‌లో కామెంటరీ చెప్పాడు. 2018 నుంచి యాంకీస్ మేనేజర్. ఒకప్పుడు ఆయన్ని భుజాల మీద మోసిన అభిమానులే ఇప్పుడు పిచర్‌ని మార్చిన ప్రతిసారీ ఆయన మీద ఇంతెత్తున లేస్తున్నారు.

మీరు చికాగో నుంచి రాశారు కాబట్టి మీ ఊరి కథ మీకే చెప్పాలి. హాక్ హారెల్సన్ వైట్ సాక్స్ కామెంటేటర్. ఓనర్‌కి ఆయన మాటలు నచ్చి 1986కి ఏకంగా జనరల్ మేనేజర్‌ని చేసేశాడు, అంటే మేనేజర్‌ని కూడా తీసేయగల కుర్చీ. ఆయన ఆ సీజన్ మధ్యలో తీసేసింది ఎవర్ననుకున్నారు? టోనీ లా రూసాని. లా రూసా కొద్ది వారాలకే ఓక్లాండ్‌లో చేరి 1989లో టైటిల్ కొట్టాడు, తర్వాత సెయింట్ లూయిస్‌తో 2006లో, 2011లో ఇంకో రెండు. హారెల్సన్ ఆ ఒక్క సీజన్‌తో దండం పెట్టేసి మళ్ళీ మైకు పట్టుకున్నాడు, 2018 దాకా చెబుతూనే ఉన్నాడు. ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్ మాత్రం లా రూసాని పోగొట్టుకున్న సంగతి ముప్పై ఏళ్ళకు పైగా మనసులో పెట్టుకుని, 2021 సీజన్‌కి మళ్ళీ ఆయన్నే తీసుకొచ్చాడు. అప్పటికి లా రూసాకి డెబ్భై ఆరేళ్ళు, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న మనిషి.

తర్వాత జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. 2022 జూన్ 9, డాడ్జర్స్‌తో మ్యాచ్. ట్రే టర్నర్ బ్యాటింగ్, అప్పటికే రెండు స్ట్రైకులు పడ్డాయి, ఇంకొక్కటి పడితే ఔట్. లా రూసా అతన్ని కావాలని వాక్ ఇచ్చి బేస్ మీదికి పంపించేశాడు! ఇంకొక్క స్ట్రైక్‌తో పోయేవాణ్ణి పిలిచి పీట వేసి కూర్చోబెట్టినట్టు. స్టాండ్స్‌లోంచి ఎవరో 'రెండు స్ట్రైకులయ్యాయి టోనీ' అని అరిచిన అరుపు టీవీలో స్పష్టంగా వినిపించింది. తర్వాత వచ్చిన మ్యాక్స్ మన్సీ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. వైట్ సాక్స్ 9-11తో ఓడిపోయింది. మ్యాచ్ అయ్యాక విలేకర్లు అడిగితే అసలు ఇందులో ప్రశ్న ఏముంది అన్నట్టు మాట్లాడాడు లా రూసా. టర్నర్ రెండు స్ట్రైకుల మీద కూడా కొట్టగలడు, మన్సీ ఎడమచేతి బ్యాటర్, వేసేది ఎడమచేతి పిచర్, కాబట్టి మనకి లాభం. ఇదీ ఆయన లెక్క. లెక్క కాగితం మీద పూర్తిగా తప్పు కూడా కాదు. కానీ ఆ స్టాండ్స్‌లో మనిషి అరిచింది హోమ్ రన్ పడ్డాక కాదు, పడక ముందు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

ప్రశ్న: జాతీయ చానెల్‌లో మ్యాచ్ వస్తే మా టీమ్ అంటేనే పడనట్టు మాట్లాడతారు కామెంటేటర్లు. అవతలి టీమ్ వాళ్ళ దగ్గర ఏమైనా తీసుకుంటారా? (సియాటెల్ నుంచి)

జవాబు: అదే మ్యాచ్ గురించి అవతలి టీమ్ అభిమాని రాసిన ఉత్తరం కూడా నా బల్ల మీదే ఉంది. అచ్చం ఇవే మాటలు, టీమ్ పేరు తప్ప. మీరిద్దరూ ఒకసారి కలిసి కాఫీ తాగితే బాగుంటుంది.

సీజన్‌లో 162 మ్యాచ్‌లు. దాదాపు అన్నీ మీ టీమ్ సొంత గొంతులతోనే వింటారు. వాళ్ళకి కాకి పిల్ల కాకికి ముద్దు, మీ రెండో బేస్ కుర్రాడు బంతి వదిలేస్తే ఎండ కంట్లో పడింది అంటారు. ఆ చెవులతో జాతీయ చానెల్ వింటే, అతను బంతి వదిలేశాడు అన్న మామూలు వాక్యం కూడా తిట్టులాగే వినిపిస్తుంది. ఇక వాళ్ళ మీద నాకున్న కంప్లయింట్ వేరు. ఏప్రిల్ నుంచి రోజూ చూస్తున్న మనకి మన ఆటగాడి చరిత్ర మొదటి అక్షరం నుంచి చెబుతారు. అంతా కొత్తగా చూసేవాళ్ళే అనుకుంటారు కాబోలు. కొందరు మాజీ పిచర్లైతే మా రోజుల్లో తొమ్మిది ఇన్నింగ్స్ వేసేవాళ్ళం అన్న పాట మొదలుపెడితే మూడు ఇన్నింగ్స్ దాకా ఆపరు.

ప్రశ్న: అన్నా, జాతీయ చానెల్ సంగతి సరే. మా టీమ్ సొంత కామెంటేటర్లు మేనేజర్‌ని ఒక్క మాట అనరు. కళ్ళ ముందు తప్పు కనిపిస్తుంటే 'ఆసక్తికరమైన నిర్ణయం' అంటారు. నాకు మేనేజర్ కన్నా వీళ్ళ మీదే మండిపోతోంది. నాదేమన్నా తప్పా? (న్యూజెర్సీ నుంచి)

జవాబు: లేదు తమ్ముడూ, వచ్చిన ఉత్తరాలన్నిట్లో అసలు జబ్బు పట్టుకున్నది నువ్వే. మిగతావాళ్ళంతా అత్త మీది కోపం దుత్త మీద చూపిస్తున్నారు.

ముందు జీతం సంగతి. టీమ్ మ్యాచ్‌లు చెప్పే కామెంటేటర్లకి జీతం ఇచ్చేది టీమ్, లేదంటే ఆ టీమ్‌తో ఒప్పందం ఉన్న చానెల్. ఎవరు చెప్పాలన్న దాంట్లో టీమ్ మాట నడుస్తుంది. ఉప్పు పెట్టినవాళ్ళ వంట బాగాలేదని వాళ్ళింట్లో కూర్చునే అనాలి, అదీ రోజూ.

అన్నవాళ్ళకి ఏమైందో చూడు. 1966 సెప్టెంబర్ 22. యాంకీస్ ఆ ఏడాది లీగ్‌లో ఆఖరి స్థానం. అరవై వేలకు పైగా పట్టే స్టేడియానికి ఆ రోజు టికెట్ కొని వచ్చినవాళ్ళు 413 మంది. టీవీలో చెబుతున్న రెడ్ బార్బర్ ఆ ఖాళీ కుర్చీలు చూపించమని అడిగాడు, చూపించలేదు. సరే అని నోటితోనే చెప్పేశాడు, ఈ స్టేడియం చరిత్రలో ఇంత తక్కువ జనం ఎప్పుడూ లేరు, ఇవాళ వార్త ఆట కాదు ఈ జనమే అన్న అర్థంలో. కొద్ది రోజులకే కాంట్రాక్ట్ పొడిగించేది లేదని చెప్పేశారు. పన్నెండేళ్ళ తర్వాత, 1978లో, కామెంటేటర్లకి హాల్ ఆఫ్ ఫేమ్ ఇచ్చే ఫ్రిక్ అవార్డు మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు ఇద్దరిలో ఒకడు ఈయనే.

అది పాత కాలం అంటావేమో. జాన్ మిల్లర్ బాల్టిమోర్ ఓరియోల్స్‌కి చెప్పేవాడు, దేశంలో ఉన్న మంచి గొంతుల్లో ఒకటి. టీమ్ మీద ఇంకాస్త ప్రేమ ఒలకబోయాలని ఓనర్‌కి అనిపించింది, 1996తో అక్కడ కథ ముగిసింది. మిల్లర్ శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళిపోయాడు, వాళ్ళ అదృష్టం. అదే బాల్టిమోర్‌లో 2023లో కెవిన్ బ్రౌన్ అనే కామెంటేటర్ మ్యాచ్‌కి ముందు ఒక చిన్న పోలిక చెప్పాడు, అంతకు ముందు సీజన్లలో టాంపా మైదానంలో తరచూ ఓడిపోయేవాళ్ళం, ఈసారి బాగా ఆడుతున్నాం అని. నిజానికి అది పొగడ్త! తెర మీద వేసిన ఆ అంకెలు టీమ్ ఇచ్చిన నోట్స్‌లో ఉన్నవే. ఆయన కొన్నాళ్ళు టీవీ మైకు ముందు కనిపించలేదు, టీమే పక్కన పెట్టిందని ఆగస్టులో వార్త బయటపడింది. వేరే టీమ్‌ల కామెంటేటర్లు తమ తమ మ్యాచ్‌ల మధ్యలోనే ఆయన తరఫున మాట్లాడారు, స్టేడియంలో జనం ఆయన పేరు పెట్టి అరిచారు, తర్వాత మళ్ళీ వచ్చాడు. కానీ మైకు ముందు కూర్చునే ప్రతి మనిషికీ ఆ పదిహేను రోజుల్లో చేరవలసిన సంగతి చేరిపోయింది. 'ఆసక్తికరమైన నిర్ణయం' అన్న మాట అక్కడి నుంచి వస్తుంది. పాము చావదు, కర్ర విరగదు.

నాకు మండేది దీని వల్ల కలిగే నష్టం గురించి. మేనేజర్ నిర్ణయాల్లో మనకి పిచ్చిగా కనిపించే వాటిలో కొన్నిటికి కారణం ఉంటుంది. క్లోజర్, అంటే ఆఖర్లో వచ్చి మ్యాచ్ ముగించే పిచర్, నిన్నా మొన్నా వరసగా వేశాడు కాబట్టి ఇవాళ విశ్రాంతి. ఇంకొకడికి మోచేయి లాగుతోంది, ఆ మాట ముందే బయటికి చెబితే అవతలి టీమ్ దానికి తగ్గట్టు ఆడుతుంది కాబట్టి మేనేజర్ చెప్పడు. కొన్ని నిర్ణయాలైతే మేనేజర్‌వి కూడా కావు, పై అంతస్తులో లెక్కలు వేసేవాళ్ళతో పొద్దున్నే కూర్చుని అనుకున్నవి. మ్యాచ్‌కి ముందు మేనేజర్‌తో మాట్లాడి వచ్చే కామెంటేటర్‌కి ఇందులో ఎంతో కొంత తెలుస్తుంది. మనకి కావలసింది ఆయన తిట్టడం కాదు కదా. 'ఫలానా అతను నిన్న ముప్పై బంతులు వేశాడు, ఇవాళ రాకపోవచ్చు, కాబట్టి మిగిలింది వీళ్ళిద్దరే, నేనైతే ఎడమచేతి వాణ్ణి తెచ్చేవాణ్ణి' అని బంతి పడక ముందు ఒక్క వాక్యం చెబితే చాలు. నిర్ణయం సరైనదైతే మనకి అర్థమవుతుంది, తప్పైతే ఏది తప్పో తెలుస్తుంది. ఆ వాక్యం చెప్పకుండా కారు ఇన్సూరెన్స్ ప్రకటన చదివి, హోమ్ రన్ పడ్డాక నిట్టూర్చి, మేనేజర్‌ని మన నోటికి అప్పగిస్తారు. టీమ్‌ని కాపాడుతున్నామనుకుంటారు గానీ మేనేజర్‌ని ఇంతకన్నా దారుణంగా ఇరికించడం ఎవరివల్లా కాదు.

అందాకా ఆ పని నువ్వే చేసుకోవాలి. నిన్నటి, మొన్నటి స్కోర్ షీట్లు తీసి ఏ రిలీవర్ (మధ్యలో మార్పుగా వచ్చే పిచర్) ఎన్ని బంతులు వేశాడో చూసుకో, రెండు నిమిషాల పని. మేనేజర్ మీద నా కోపం సగానికి తగ్గింది అలాగే. మిగతా సగం ఇంకాస్త గట్టిపడిందనుకో.

ప్రశ్న: ఆట నడుస్తుంటే ఆట గురించి తప్ప అన్నీ మాట్లాడతారు. ఫీల్డింగ్ చేస్తున్నవాడి చెవిలో మైకు పెట్టి ఇంటర్వ్యూ చేస్తారు! (అట్లాంటా నుంచి)

జవాబు: 2023లో పిచ్ క్లాక్ వచ్చాక రెండు బంతుల మధ్య ఖాళీ పదిహేను, ఇరవై సెకన్లకి మించకుండా చేశారు, మూడు గంటలు దాటే మ్యాచ్ రెండు గంటల నలభై నిమిషాలకి దిగింది. కబుర్లు కూడా తగ్గుతాయనుకుని సంబరపడ్డాను. అవే కబుర్లు ఇప్పుడు వేగంగా చెబుతున్నారు.

మీ ఊళ్ళోనే, 1974 ఏప్రిల్ 8న, హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటినప్పుడు మైకు ముందున్నవాళ్ళలో విన్ స్కల్లీ ఒకడు. బంతి గోడ దాటిందని చెప్పి ఊరుకున్నాడు. చాలాసేపు జనం హోరు తప్ప ఏమీ లేదు. 1988లో కుంటుకుంటూ వచ్చిన కర్క్ గిబ్సన్ కొట్టినప్పుడూ అంతే, నిమిషానికి పైగా మౌనం. అరవై ఏడు సీజన్లు డాడ్జర్స్ దగ్గరే చెప్పాడు ఆయన, చాలా మ్యాచ్‌లు పక్కన ఎవరూ లేకుండా ఒక్కడే. ఇప్పుడు ముగ్గురు కూర్చుంటే ఎవరు ఊరుకున్నా పక్కవాడికి టెన్షన్ వస్తుంది.

టీవీ నోరు నొక్కి రేడియో పెట్టుకోండి అని సలహా ఇద్దామంటే, రేడియో చాలాసార్లు టీవీ కన్నా ముందుంటుంది. హోమ్ రన్ ముందే వినేసి తర్వాత చూడాలి. నేనైతే దానికి అలవాటు పడ్డాను.

ప్రశ్న: మా ఆయన మ్యాచ్ చూస్తూ మేనేజర్‌ని తిట్టే తిట్లు మా ఆరేళ్ళ వాడు నేర్చుకుంటున్నాడు. ఏం చేయమంటారు? (పేరు వద్దన్నారు)

జవాబు: ఒక నోటుబుక్కు కొనిపెట్టండమ్మా. పిచర్‌ని మార్చబోయే ముందు ఆయన ఏం చేయాలంటారో అందులో రాయమనండి, తర్వాత ఏం జరిగిందో పక్కన రాయమనండి. నెల తిరిగేసరికి తిట్లు తగ్గుతాయి. లేదా ఆయన చెప్పినవే ఎక్కువ నిజమవుతాయి, అప్పుడు ఏ టీమ్‌కైనా దరఖాస్తు పెట్టించండి.

ప్రశ్న: టీమ్‌లో అందరికన్నా మంచి రిలీవర్‌ని ఆఖరి దాకా దాచుకుని, దాచుకునే ఓడిపోవడం ఏం తెలివండీ? (మేరీల్యాండ్ నుంచి)

జవాబు: మీరు మేరీల్యాండ్ అనగానే ఎప్పటి గాయమో తెలిసిపోయింది. 2016 అక్టోబర్ 4, టొరాంటోలో వైల్డ్ కార్డ్ మ్యాచ్, ఓడితే ఇంటికే. మీ బాల్టిమోర్ క్లోజర్ జాక్ బ్రిటన్ ఆ ఏడాది 47 సేవ్ (ఆఖర్లో వచ్చి ఆధిక్యం కాపాడటం) అవకాశాలొస్తే 47 నిలబెట్టాడు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు) 0.54. మ్యాచ్ 2-2తో 11వ ఇన్నింగ్‌కి వెళ్ళింది. మేనేజర్ బక్ షోవాల్టర్ ఒకరి తర్వాత ఒకర్ని పంపాడు గానీ బ్రిటన్‌ని బుల్‌పెన్‌లోనే ఉంచాడు. ఉబాల్డో హిమెనెజ్ వేసిన బంతిని ఎడ్విన్ ఎన్‌కార్నసియోన్ స్టాండ్స్‌లోకి పంపాడు, 5-2, సీజన్ అయిపోయింది.

ఇక్కడ మేనేజర్ వైపు చెప్పడానికి నా దగ్గర ఒక్కటే ఉంది: బయటి ఊళ్ళో ఆడేటప్పుడు టై మ్యాచ్‌లో క్లోజర్‌ని వాడేస్తే, తర్వాత ఆధిక్యం వచ్చాక దాన్ని కాపాడేవాడు ఉండడు. అదొక పాత సంప్రదాయం. సేవ్ అనే లెక్క 1969లో అధికారికంగా వచ్చాక మేనేజర్లు ఆ లెక్క కోసమే ఆటగాణ్ణి వాడటం అలవాటు చేసుకున్నారు. షోవాల్టర్ తక్కువవాడేం కాదు, మేనేజర్ ఆఫ్ ది ఇయర్ నాలుగుసార్లు గెలుచుకున్నాడు. అయినా ఆ రాత్రి ఇంట్లో కూర్చున్న ప్రతివాడూ ముందే అరిచాడు కదా, బ్రిటన్ ఎక్కడ అని. మీ కోపం నూటికి నూరు పాళ్ళూ న్యాయమైంది, ఇంకో పదేళ్ళు ఉంచుకోండి.

ప్రశ్న: మా టీమ్ గెలిచింది, అయినా మేనేజర్ మీద కోపం పోలేదు. ఇంట్లో అందరూ నన్ను వింతగా చూస్తున్నారు. (మిల్వాకీ నుంచి)

జవాబు: చికాగో కబ్స్ అభిమానుల దగ్గరికి పంపించండి మీ ఇంట్లోవాళ్ళని. 2016 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో కబ్స్ 7-2తో ముందున్నప్పుడు మేనేజర్ జో మాడన్ తన క్లోజర్ అరోల్డిస్ చాప్‌మన్‌ని ఏడో ఇన్నింగ్‌లోనే తెచ్చాడు. అంతకు ముందు మ్యాచ్‌లోనే చాప్‌మన్ 42 బంతులు వేసి ఉన్నాడు. ఐదు పరుగుల ఆధిక్యానికి అతనెందుకు అని అప్పుడే అడిగారు. మర్నాడు ఏడో మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్‌లో అలిసిపోయిన చాప్‌మన్ మీద క్లీవ్‌లాండ్ ఆటగాడు రజాయ్ డేవిస్ హోమ్ రన్ కొట్టి 6-6 చేశాడు. వాన పడి ఆట కాసేపు ఆగింది, పదో ఇన్నింగ్‌లో కబ్స్ 8-7తో గెలిచింది. 108 ఏళ్ళ తర్వాత వచ్చిన టైటిల్, వీధుల్లో జనం ఏడ్చారు, ఊరేగింపు తీశారు. ఆ వారంలోనే విలేకర్లు మాడన్‌ని అడిగింది మాత్రం ఆరో మ్యాచ్‌లో చాప్‌మన్ ఎందుకని.